ఇంటిపేరు: నల్

ఒకే పొరపాటుని మూడు బ్రౌజర్లు మూడు గొంతులతో చెబుతాయి. లేనిదాన్ని పట్టుకుని, దాని మొదటి అక్షరం తీసి ఇవ్వమని జావాస్క్రిప్ట్‌ని అడిగామనుకోండి. క్రోమ్ "కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ నల్" అంటుంది. ఇక్కడ చదవడానికేమీ లేదయ్యా అని. ఫైర్‌ఫాక్స్ పాతకాలపు గుమాస్తాలాగా ఎవరి దగ్గర ఏ కాగితం లేదో పేరుపెట్టి చెబుతుంది: ఫలానా యూజర్ లాస్ట్‌నేమ్ నల్‌గా ఉంది, దానిమీద చార్‌యాట్ నాకు అందదు. సఫారీది వేదాంత ధోరణి. "నల్ ఈజ్ నాట్ యాన్ ఆబ్జెక్ట్" అని మొదలుపెడుతుంది. తమాషా ఏమిటంటే అదే సఫారీని, ఆ మాటకొస్తే ఏ బ్రౌజర్నైనా, నల్ ఏ రకం వస్తువో 'టైపాఫ్' వేసి అడగండి. "ఆబ్జెక్ట్" అని జవాబొస్తుంది.

ఇది పుట్టుమచ్చ. 1995 మే నెలలో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ కోసం పది రోజుల్లో జావాస్క్రిప్ట్ మొదటి రూపం రాశాడు. నల్‌ని ఆబ్జెక్ట్ అనడం ఆ తొలిరోజుల నుంచీ ఉన్నదే. తర్వాతెప్పుడో సరిదిద్దుదామని ప్రతిపాదించారు కూడా. కానీ అప్పటికే ఈ తప్పుని నమ్ముకుని బతుకుతున్న వెబ్‌సైట్లు బోలెడు. అవి కూలిపోతాయని అలాగే వదిలేశారు. మన ఇళ్ళల్లో కొన్ని ఆచారాలు ఎందుకున్నాయో కూడా ఇలాగే తెలుస్తుంది.

నేను పొట్టకూటికి ఇలాంటి వాక్యాలు చదువుతాను, సరదాకి కథలూ కవిత్వమూ చదివి నాలుగు మాటలు రాస్తుంటాను. రెండు చదువులూ వేరువేరని చాన్నాళ్ళు అనుకునేవాణ్ణి. ఇప్పుడంత ఖచ్చితంగా చెప్పలేను. ఎర్రర్ మెసేజ్ అంటే విసుక్కునేవాళ్ళే ఎక్కువ కానీ, అది నిజానికి చాలా పొదుపుగా రాసిన వాక్యం. ఎవరు, దేన్ని, ఎక్కడ అడిగారో అందులో ఉంటుంది. ఎందుకు అడిగారో మాత్రం ఉండదు. ఆ ఎందుకు అన్నదే డీబగ్గింగ్.

ఒక్క నల్ గురించి చెబుతాను.

అది ఆరోగ్య బీమా క్లెయిములు పెట్టుకునే వెబ్‌సైటు. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. రియాక్ట్‌లో, టైప్‌స్క్రిప్ట్ వాడి కట్టింది. నేను ఆ టీమ్‌లో చేరేనాటికే రెండేళ్ళుగా నడుస్తోంది. చేరిన మూడో వారంలో సపోర్ట్ వాళ్ళ దగ్గర్నుంచి ఒక టికెట్ వచ్చింది: "కొందరు యూజర్లకి లాగిన్ అయ్యాక పేజీ తెల్లగా వస్తోంది." కొందరంటే ఎవరు? తెలీదు. ఏ ఫోనైనా, ఏ బ్రౌజరైనా అంతే. క్యాష్ క్లియర్ చేసుకోమన్నారు, వేరే ఫోన్లో చూడమన్నారు, చివరికి యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు. అసలు మాకు యాపే లేదు, అది వేరే సంగతి.

మా దగ్గర మాత్రం పేజీ చక్కగా తెరుచుకునేది. టెస్టింగ్ కోసం పెట్టుకున్న మనుషుల పేర్లు చూస్తే కారణం తెలుస్తుంది: జాన్ డో, టెస్ట్ యూజర్, డెమో కస్టమర్. అందరికీ రెండు పేర్లు.

పేజీ మొత్తం ఎందుకు తెల్లబడుతుందో కాస్త చెప్పాలి. రియాక్ట్‌లో పేజీని చిన్నచిన్న ముక్కలుగా రాస్తాం, కాంపొనెంట్లంటారు. 2017లో వచ్చిన 16వ వెర్షన్ నుంచీ వాళ్ళొక నిర్ణయం తీసుకున్నారు. ఏ ముక్క గీసేటప్పుడైనా తప్పు జరిగి, దాన్ని మధ్యలో ఎవరూ పట్టుకోకపోతే, మొత్తం చెట్టుని పీకేస్తుంది. సగం విరిగిన పేజీ చూపించడం కంటే ఏమీ చూపించకపోవడమే నయమని వాళ్ళ వాదన. డబ్బులు కట్టే పేజీలో తప్పు అంకె కనబడటం కన్నా ఖాళీ పేజీ మేలు కదా అంటారు. వాదన నాకు నచ్చుతుంది. మధ్యలో పట్టుకోవడానికి 'ఎర్రర్ బౌండరీ' అనేదొకటి ఇచ్చారు. మా వెబ్‌సైటులో అది ఎక్కడా లేదు.

లాగ్‌లో దొరికింది క్రోమ్ వాక్యమే. నల్ లోపల చార్‌యాట్ చదవలేను. ఎక్కడ అని చూస్తే అంతా కుదించేసిన కోడ్: ఫంక్షన్ల పేర్లన్నీ ఒంటి అక్షరాలు, మూడు లక్షల అక్షరాలు ఒకే వరుసలో. సోర్స్ మ్యాప్ పెట్టి వెనక్కి విప్పితే అసలు ఫైలు బయటపడింది. పేజీ పైన కుడిమూల గుండ్రటి బిళ్ళ ఉంటుంది చూశారా, అందులో మన పేరులోంచి రెండు పొడి అక్షరాలు వేస్తారే, అది. ఫస్ట్‌నేమ్‌లో మొదటి అక్షరం, లాస్ట్‌నేమ్‌లో మొదటి అక్షరం. లాస్ట్‌నేమ్ నల్ అయితే అక్కడ ఆగిపోతుంది. ఆగి, తనతోపాటు క్లెయిమ్ ఫారాన్నీ, ఆస్పత్రుల జాబితానీ, హెల్ప్‌లైన్ నంబర్నీ తీసుకుపోతుంది.

సపోర్ట్ వాళ్ళ నోట్సులో ఒకావిడ గురించి ఉంది. పేరు మార్చి లక్ష్మమ్మ అందాం. అరవై ఎనిమిదేళ్ళు, మోకాలి ఆపరేషన్. కాగితాల మీద ఆమె పేరు ఆ ఒక్క మాటే. కొడుకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగోసారి రాసుకున్న నోటు ఇంగ్లీషులో ఒకటిన్నర లైను: పేజీ తెరుచుకోలేదు, ముందస్తు అనుమతికి కాగితాలు పంపలేకపోయారు, బయట అప్పు తెచ్చి ఆస్పత్రిలో అడ్వాన్స్ కట్టారు. కింద "రిజాల్వ్డ్" అని ఉంది. అంటే ఫోన్ పెట్టేశాడన్నమాట.

టైప్‌స్క్రిప్ట్ ఉండగా ఇదెలా జరిగిందన్నది నా మొదటి ప్రశ్న. తెలీనివాళ్ళ కోసం: జావాస్క్రిప్ట్‌లో ఏ పాత్రలో ఏం పోసినా అడిగే నాథుడు లేడు. ఆ లోటు తీర్చడానికి 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ టైప్‌స్క్రిప్ట్‌ని బయటపెట్టింది. దాని వెనకున్న ఆండర్స్ హైల్స్‌బర్గ్, అంతకుముందు టర్బో పాస్కల్, సీ షార్ప్ చేసినవాడు. ఏ పాత్రలో ఏం ఉంటుందో ముందే రాసుకుంటాం. రాసుకున్నదానికి విరుద్ధంగా ఎక్కడైనా వాడితే, కోడ్ జనంలోకి వెళ్ళకముందే కంపైలర్ ఎర్ర గీత గీస్తుంది. అయితే 2016లో 2.0 వెర్షన్ వచ్చేదాకా నల్ సంగతిలో అది కూడా చూసీచూడనట్టే ఉండేది. స్ట్రింగ్ అని రాసుంటే అందులో నల్ కూడా పట్టేది, నంబర్ అన్నా పట్టేది. నల్ అనే ఈ ఏర్పాటుని 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో పెట్టిన టోనీ హోర్, 2009లో ఒక సభలో దాన్ని తన వందకోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నాడు. 2.0లో 'స్ట్రిక్ట్ నల్ చెక్స్' అనే మీట వచ్చింది. అది వేస్తే నల్ ఉండొచ్చని విడిగా ఒప్పుకోవాలి.

మా ప్రాజెక్టులో ఆ మీట వేసే ఉంది. యూజర్ అనే టైపులో "లాస్ట్‌నేమ్: స్ట్రింగ్" అని స్పష్టంగా రాసుంది. కంపైలర్‌కి ఏ అభ్యంతరమూ లేదు. ఎలా ఉంటుంది? సర్వర్ నుంచి వచ్చిన సమాచారాన్ని విప్పే ఫంక్షన్, దాని టైపు 'ఎనీ' అని చెబుతుంది. అంటే ఏదైనా కావచ్చని. దాని పక్కన ఎవరో "యాజ్ యూజర్" అని రాశారు. ఇది యూజరే, నా పూచీ అని. అక్కడితో కంపైలర్ విచారణ ఆపేస్తుంది. పూచీకత్తు ఇచ్చినవాడు ఎప్పుడో ఉద్యోగం మారిపోయాడు.

పైగా ఈ టైపులన్నీ కంపైల్ అయ్యేదాకానే. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ చెక్కలు ఊడదీసినట్టు, జావాస్క్రిప్టుగా మారేటప్పుడు మొత్తం తీసేస్తారు. బ్రౌజర్లో నడిచే కోడ్‌లో 'స్ట్రింగ్' అన్న హామీ ఎక్కడా మిగలదు. తమది లోపం లేని, నిరూపించదగ్గ టైపు వ్యవస్థ కావాలన్నది తమ లక్ష్యాల్లో లేదని టైప్‌స్క్రిప్ట్ వాళ్ళే రాసుకున్నారు. పని జరగడానికీ, సరిగ్గా జరగడానికీ మధ్య తూకం చూసుకుంటామన్నారు. అది నిజాయితీ. మనమే అదేదో రక్షరేకు అనుకుంటాం.

ఇక్కడ నాకు తర్కశాస్త్రం గుర్తొచ్చింది. అలంకారశాస్త్రం అర్థం చేసుకుందామని మొదలుపెట్టి, అన్నంభట్టు తర్కసంగ్రహం దాకా వెళ్ళి, సగంలో ఆగినవాణ్ణి నేను. మాటలు కలిసి వాక్యం కావాలంటే మూడు కావాలంటారు వాళ్ళు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. యోగ్యత లేని వాక్యానికి వాళ్ళిచ్చే ఉదాహరణ, నిప్పుతో తడపమని చెప్పడం. వ్యాకరణం తప్పు లేదు. విభక్తి సరిగ్గా ఉంది, క్రియ సరిగ్గా ఉంది. కానీ తడపడానికి నిప్పు తగదు. ఇంతకన్నా బాగా టైప్ ఎర్రర్‌ని నాకు బీటెక్‌లో ఎవరూ చెప్పలేదు. సన్నిధికి ఇచ్చే ఉదాహరణ ఇంకా బావుంటుంది. 'ఆవుని తీసుకురా' అన్న మాటల్ని జాముకొకటి చొప్పున పలికితే అది వాక్యం కాదట. ఫ్రంట్ ఎండ్ చేసేవాళ్ళకి ఇది రోజూ ఉండే గోల. డేటా ఇంకా దారిలో ఉంటుంది, పేజీ ఆగకుండా గీసేస్తుంది, మధ్యలో 'అన్‌డిఫైన్డ్' వచ్చి కూర్చుంటుంది.

నైయాయికులకి ఉన్న సౌకర్యం టైప్‌స్క్రిప్ట్‌కి లేదు. నిప్పు తడపదని వాళ్ళకి లోకాన్ని చూసి తెలుసు. కంపైలర్ లోకాన్ని చూడదు. మనం రాసిచ్చిన పట్టికని చూస్తుంది. పట్టికలో నిప్పు ద్రవమని రాస్తే హాయిగా తడపనిస్తుంది. ప్రతి మనిషికీ ఇంటిపేరు ఉంటుందని మా పట్టికలో రాసుంది.

నల్, అన్‌డిఫైన్డ్ రెండూ శూన్యాలే కదా, రెండెందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. జావాస్క్రిప్ట్‌ని వెక్కిరించడానికి ఇది అందరికీ ఇష్టమైన ఉదాహరణ. తెలుగువాళ్ళం మనం మాత్రం అంత వెక్కిరించక్కర్లేదు. 'లేదు' అన్నదానికీ 'కాదు' అన్నదానికీ తేడా పుట్టుకతో తెలిసినవాళ్ళం. నల్ అంటే "లేదు" అని ఎవరో రాసిపెట్టడం. అన్‌డిఫైన్డ్ అంటే అసలు ఎవరూ ఏమీ చెప్పకపోవడం. సర్వర్ నుంచి సమాచారం వచ్చే జేసన్ రూపంలో అన్‌డిఫైన్డ్‌కి చోటే లేదు. కాబట్టి లక్ష్మమ్మగారి రికార్డులో నల్ ఉందంటే ఎవరో, ఏదో ఒక చోట, ఈమెకి ఇంటిపేరు లేదు అని నమోదు చేశారన్నమాట. అది ఖాళీ కాదు, సమాధానం.

ఎవరు చేశారో సర్వర్ వైపు వాళ్ళని అడిగితే తేలింది. అంతకు రెండు నెలల ముందు ఆధార్ ద్వారా పాలసీలో చేర్చుకునే పద్ధతి పెట్టారు. ఆధార్‌లో పేరు మొత్తం ఒకటే గడి. దాన్ని చివరి ఖాళీ దగ్గర రెండుగా కోసి, ముందుది ఫస్ట్‌నేమ్, వెనకది లాస్ట్‌నేమ్ చేస్తున్నారు. ఒకే మాటున్న పేరైతే కోయడానికేం లేదు, నల్. ఆ లెక్కన గురజాడ అప్పారావు గారి ఫస్ట్‌నేమ్ గురజాడ, ఇంటిపేరు అప్పారావు అవుతుంది. కానీ అది స్ట్రింగే కదా, ఎవరికీ నొప్పి లేదు.

ఆ సాయంత్రం మీటింగ్‌లో చర్చ జరిగింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, ఆర్నెల్ల అనుభవం, లాప్‌టాప్ తిప్పి చూపించింది.

"అన్నా, ఇక్కడ ఒక ప్రశ్నార్థకం, ఒక చుక్క పెడితే అయిపోతుంది. రెండు నిమిషాలు."

ఆ గుర్తుని ఆప్షనల్ చైనింగ్ అంటారు. ఉంటే చదువు, లేకపోతే ఊరుకో అని దానర్థం. నిజంగానే పేజీ తెరుచుకుంటుంది. అయితే టైపులో స్ట్రింగ్ అనే రాసుంది కాబట్టి, లేకపోవడమే ఉండని చోట ఈ గుర్తెందుకని మా లింటర్ గొణుగుతుంది. దాని నోరు మూయడానికి ఇంకో కామెంట్ పెట్టాలి.

"పెట్టు. ఈ రాత్రికే పంపిద్దాం. జనానికి పేజీ తెరుచుకోవాలి ముందు," అన్నాను. "కానీ టికెట్ మూయొద్దు."

"మిగతాదేముంది?" అన్నాడు మేనేజర్.

సర్వర్ వైపు నుంచి వచ్చినాయన తనకో ఉపాయం ఉందన్నాడు. లాస్ట్‌నేమ్ లేకపోతే ఫస్ట్‌నేమ్‌నే రెండోసారి పంపిస్తాడట. లక్ష్మమ్మ లక్ష్మమ్మ. ఇంకొకాయన, ఖాళీ స్ట్రింగ్ పంపండి చాలన్నాడు. ఖాళీ స్ట్రింగ్ మీద చార్‌యాట్ అడిగితే ఏడవదు, ఖాళీనే ఇస్తుంది. ఎవరూ మూర్ఖులు కారు, అన్నీ పనిచేసే ఉపాయాలే. అన్నిటి ఫలితమూ ఒకటే: ఎర్రర్ పోతుంది, పట్టికలో వాక్యం అలాగే ఉంటుంది.

నేను మర్నాడు చేసింది చాలా చిన్న మార్పు. లాస్ట్‌నేమ్ పక్కన నిలువు గీత గీసి, నల్ అని చేర్చాను. కంపైలర్ 43 ఎర్రర్లు ఇచ్చింది.

ఈ ఎర్రర్లు చదవడానికి ఒక కిటుకుంది. టైప్‌స్క్రిప్ట్ వాక్యాలు మెట్లుమెట్లుగా లోపలికి జరుగుతూ పోతాయి. ఈ పెద్ద వస్తువు ఆ పెద్ద వస్తువుకి ఒప్పదు, ఎందుకంటే దీని లోపలి ఫలానా భాగం ఒప్పదు, ఎందుకంటే దాని లోపలిది ఒప్పదు, ఇలా. పై లైను చూసి బెదిరిపోతారు. చివరి మెట్టు చూడాలి. మావాటిలో చివరి మెట్టు చాలావరకు ఒకటే: నల్ ఉండొచ్చు, మీరేమో స్ట్రింగ్ అనుకుంటున్నారు.

43 అని చూసి ఆ అమ్మాయి, "అన్నా, అన్నిట్లో ఆశ్చర్యార్థకం పెట్టేస్తే?" అంది నవ్వుతూ. అదొక గుర్తుంది, పేరు చివర ఆశ్చర్యార్థకం పెడితే 'ఇది నల్ కాదు, ఒట్టు' అని అర్థం. కంపైలర్ ఒట్టుని గౌరవిస్తుంది. కాదులే అని, ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే తెరిచాం. మూడు రోజులు పట్టింది. నా ఉద్యోగంలో నేను బాగా ఇష్టపడ్డ మూడు రోజుల్లో అవి ఉంటాయి.

ఎందుకంటే ఒక్కో ఎర్రర్ ఒక్కో ప్రశ్న. కుటుంబ సభ్యుల జాబితాని ఇంటిపేరు ప్రకారం వరుసలో పెడుతున్నాం, ఇంటిపేరు లేనివాళ్ళు పైన రావాలా కింద రావాలా? ఆస్పత్రి పంపిన బిల్లు మీద పేరూ పాలసీ మీద పేరూ ఒకటో కాదో పోల్చేచోట, రెండువైపులా లేకపోతే ఒకటే అనాలా? ఒకవైపు లేకపోతే క్లెయిమ్ తిరస్కరించాలా? ఇది కోడ్ రాసేవాడు నిర్ణయించే విషయం కాదు. ఆ ఫైల్లో మాత్రం రెండేళ్ళుగా ఎవరో నిర్ణయించే ఉన్నారు, తెలీకుండా. క్లెయిములు పరిశీలించే విభాగానికి రాశాం. అక్కడో పెద్దావిడ వెంటనే ఫోన్ చేసి, "అమ్మయ్య, ఇన్నాళ్ళకి అడిగారు బాబూ, ఇలాంటివి మా దగ్గర చేత్తో పాస్ చేస్తున్నాం," అంది.

కంపైలర్ పట్టుకోనివి కూడా ఉన్నాయి. టెంప్లేట్ స్ట్రింగ్ అని ఒకటుంది, వాక్యం మధ్యలో గడి వదిలి పేరు అతికించేది. అందులో నల్‌ని పెట్టినా టైప్‌స్క్రిప్ట్ పెదవి విప్పదు. జావాస్క్రిప్ట్ దాన్ని శ్రద్ధగా నాలుగక్షరాల ఇంగ్లీషు మాటగా మార్చి అతికిస్తుంది. మా ఉత్తరాల నమూనాల్లో వెతికితే ఏడుచోట్ల ఉంది. అంటే ఆ రెండు నెలల్లో కొందరి ఇళ్ళకి "డియర్ లక్ష్మమ్మ నల్" అని ఉత్తరాలు వెళ్ళుంటాయి. అది చదివి వాళ్ళేమనుకున్నారో. ఇంగ్లీషు ఉత్తరం కాబట్టి ఇదీ ఏదో మర్యాదే అనుకుని ఉంటారు.

అసలు నన్ను కూర్చోనివ్వనిది ఇవేవీ కావు. ఆధార్ పద్ధతి రాకముందు ఒంటి పేరున్నవాళ్ళు ఎలా చేరారు? అప్పుడు ఏజెంట్లు ఫారం నింపేవాళ్ళు, లాస్ట్‌నేమ్ తప్పనిసరి. డేటా చూసే అతన్ని బతిమాలి, పాత రికార్డుల్లో లాస్ట్‌నేమ్‌లు మాత్రం, మనుషులెవరో తెలీకుండా, తీయించుకున్నాను. వందలకొద్దీ చుక్కలు. ఒక్క చుక్క, రెండు చుక్కలు, గీత. ఎన్.ఏ. అని కొందరు. ఎక్స్ ఎక్స్ అని కొందరు. ఉన్న పేరే రెండోసారి. ఊరి పేరు కావచ్చుననిపించేవి కొన్ని. దేవి, కుమారి, గారు. గారు అని ఇద్దరికి ఇంటిపేరు!

ఇవన్నీ స్ట్రింగులే. ఏ ఒక్కటీ పేజీని తెల్లబరచలేదు. ప్రతి చుక్క వెనకా ఒక కౌంటర్ ఉంది, ఫారం ముందుకి కదలక విసిగిన ఏజెంటు ఉన్నాడు, "మీ సర్‌నేమ్ ఏంటమ్మా?" అంటే ఏం చెప్పాలో తోచని మనిషి ఉంది. ఆ టైప్ ఎర్రర్‌ని వాళ్ళిద్దరూ అక్కడికక్కడ సర్దుకున్నారు, చుక్క పెట్టి. కంపైలర్‌కి మేం వేసే ఒట్టు లాంటిదే అదీ. రెండేళ్ళు మా వెబ్‌సైటు ఆ చుక్కల మీద నడిచింది. ఉన్నదున్నట్టు 'లేదు' అని రాసిన మొదటి రికార్డు రాగానే కూలింది.

ఇది మా ఒక్కరిదే అనుకోకండి. పాన్ కార్డు దరఖాస్తులో ఒంటి పేరున్నవాళ్ళు దాన్ని ఇంటిపేరు గడిలో రాయాలి. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్ళకి అమెరికా వీసా మీద ఆ పేరుని ఇంటిపేరు చేసి, సొంత పేరు గడిలో ఎఫ్.ఎన్.యు. అని అచ్చేస్తారు, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. అక్కడ చదువుకునే మనవాళ్ళల్లో కొందరిని 'ఫ్నూ' అని పిలిచే ప్రొఫెసర్లున్నారని నా స్నేహితులు చెప్పి నవ్వుతారు. అదేదో చైనా పేరనుకుంటారట. ఇంటిపేరు ముందుండే మన పద్ధతిలో ఫస్ట్ ఏది, లాస్ట్ ఏది అన్నదే ఒక తగువు. ఇంటిపేరే లేని, లేదా కాగితాల మీదికి ఎన్నడూ ఎక్కని కుటుంబాలు ఎవరివో, ఎందుకలా ఉన్నాయో ఈ పత్రిక పాఠకులకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళ సంగతి మరీను. పుట్టింటిదొకటి, మెట్టినింటిదొకటి, ఆధార్‌లో ఏదీ కాదు.

ఇంత చెప్పాను కాబట్టి మేం ఏదో విప్లవం తెచ్చామనుకోకండి. పూర్తిపేరు అనే ఒకే గడి పెట్టి, ఫస్టూ లాస్టూ తీసేద్దామని రాసి పంపాను. వచ్చే ఏడాది చూద్దామన్నారు. జరిగింది ఇంతే: టైపులో నల్ నిలిచింది. 43 చోట్లా జవాబు రాశాం. సర్వర్ నుంచి వచ్చేదాన్ని 'యాజ్' అని నమ్మేయకుండా, గుమ్మం దగ్గరే తెరిచి చూసే కోడ్ పెట్టాం. జాడ్ అనే లైబ్రరీ ఒకటుంది, ఆ పని చేసిపెడుతుంది. మొదటి వారంలోనే అది ఇంకో రెండు అబద్ధాలు పట్టింది. ఒకచోట బిల్లు మొత్తం అంకెగా కాకుండా స్ట్రింగుగా వస్తోంది. దానికి పది కలిపితే పక్కన పది అతుక్కుంటుంది. అదృష్టవశాత్తూ దాన్ని ఎక్కడా కూడటం లేదు, చూపించడమే.

గుండ్రటి బిళ్ళ మిగిలింది. వెబ్‌సైటుని తెలుగులో కూడా చూపించే పని అప్పుడే మొదలైంది. పేరు తెలుగులో ఉంటే మొదటి అక్షరం ఏది? 'శ్రీ' అన్నది మనకి ఒక్క అక్షరం, పలికితే ఒక్క ఊపిరి. జావాస్క్రిప్ట్‌లో దాని పొడవు నాలుగు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. చార్‌యాట్ సున్నా అడిగితే శ్రీలక్ష్మి గారి బిళ్ళలో ఉత్త 'శ' పడుతుంది. కృష్ణ గారికి 'క'. టైపు ప్రకారం అంతా సక్రమం, స్ట్రింగ్ ఇచ్చాం, స్ట్రింగ్ వచ్చింది. అక్షరమంటే ఏమిటో ఆ టైపుకి తెలీదు. గుణింతాలనీ వత్తులనీ తెగ్గొట్టకుండా విడదీసే సెగ్మెంటర్ అనే పనిముట్టు ఇప్పుడు బ్రౌజర్లలో వచ్చింది. వత్తుల విషయంలో పాత బ్రౌజరు ఒకలా, కొత్తది ఒకలా కోస్తోంది. ఆఖరికి తెలుగు పేర్లకి బిళ్ళలో అక్షరాలు తీసేసి మనిషి బొమ్మ పెట్టాం. ఆ అమ్మాయికిది నచ్చలేదు. తన పేరు మొదటి అక్షరానికి రెండు వత్తులున్నాయి, అది గుండ్రటి బిళ్ళలో ఎంత బావుంటుందో గీసి చూపించింది.

ఇంకొక్కటుంది. ఆస్పత్రుల వాళ్ళ వ్యవస్థకి మా దగ్గర్నుంచి సమాచారం పంపేచోట లాస్ట్‌నేమ్ తప్పనిసరి. అది మా చేతుల్లో లేదు. నల్ పంపితే తిప్పికొడతారు, ఖాళీ పంపినా అంతే. మెయిళ్ళు రాశాం, జవాబు రాలేదు. కాబట్టి అక్కడ, ఒక్క చోట, లాస్ట్‌నేమ్ నల్ అయితే చుక్క పంపిస్తున్నాం. ఆ లైను రాసింది ఆ అమ్మాయే. పైన తెలుగులో కామెంట్ పెట్టింది: "ఇది ఇంటిపేరు కాదు. అవతలివాళ్ళు ఒప్పుకునేదాకా." రివ్యూలో బెంగుళూరు నుంచి ఒకతను, కామెంట్లు ఇంగ్లీషులో రాయమన్నాడు. కింద ఇంగ్లీషులో కూడా రాసి, తెలుగుది అలాగే ఉంచింది.